దివ్యదృష్టీ, తెల్ల తువ్వాళ్ళూ

ఉద్యోగి ఆఫీసులో ఉండటం వేరు, ఉన్నట్లు తేలటం వేరు. ఈ రెండూ ఒకటేనని అనుకునేవాళ్ళు ప్రభుత్వోద్యోగానికి పనికిరారు. నేను పనికొచ్చాను కనకనే సూపరింటెండెంటునయ్యాను. మా డిస్పాచ్ గుమాస్తా బొండాడ సింహాద్రికి మాత్రం ఈ తేడా తలకెక్కేసరికి ఉద్యోగం ఊడేంత పనయింది.

మా శాఖ పేరు చెప్పను. రైతులకి బోరుబావి తవ్వుకోవటానికి అనుమతులిచ్చే జిల్లా ఆఫీసు అనుకోండి, చాలు. భూమి అడుగున నీళ్ళు పైకి కనబడవు కాబట్టి, ఉన్నాయో లేవో చూడకుండానే కాగితం మీద తేల్చేయటం మాకు మొదట్నించీ అలవాటు. ఆ కాగితాలకి నంబరు వేసి, కవర్లో పెట్టి, తపాలాకి పంపటం సింహాద్రి పని. ఆయన పంపితేగాని రైతు బోరు వెయ్యడు. అందుకని సింహాద్రి రోజూ ఆఫీసుకి వచ్చేవాడు. ఆయనకున్న దురలవాటు అదొక్కటే.

మా జాయింట్ డైరెక్టరు కొత్తలంక విశ్వేశ్వరం గారు ఆధునిక భావాలు గల మనిషి. కొత్త వస్తువు కనబడితే అదేం చేస్తుందని అడగరు, మన ఆఫీసులో ఎక్కడ పెడదామని అడుగుతారు. దసరా వెళ్ళిన కొత్తలో ఊళ్ళో పాలిటెక్నిక్ వాళ్ళు ప్రదర్శన పెట్టి ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. వెంట నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ ఖుద్దూస్ గారు, తీరిక వేళల్లో సరదాకి చేసుకున్న రోబో బండిని చూపించాడు.

బండి అంటే పెద్దదేం కాదు. నాలుగు బొమ్మకారు చక్రాలు, వాటి మీద టిఫిన్ డబ్బా మూత, దాని మీద నిటారుగా ఒక కర్టెన్ రాడ్డు ముక్క, రాడ్డు కొసన కందిగింజంత బల్బులు రెండు. దాన్ని ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ అంటారట. ఒక బల్బు కంటికి కనబడని వెలుగు విసురుతుంది. ఎదురుగా ఏదైనా ఉంటే వెలుగు దానికి తగిలి వెనక్కి వస్తుంది. రెండో బల్బు దాన్ని పట్టుకుంటుంది, బండి ఆగి కుయ్యిమంటుంది. బండి అడుగున కూడా అలాంటి బల్బులే ఉన్నాయి. నేల మీద అంటించిన నల్ల టేపు దగ్గర వెలుగు తిరిగి రాదు కనక, తిరిగి రాని చోటే తన దారి అని గ్రహించి బండి టేపు వెంట పోతుంది. ఇదంతా ఖుద్దూస్ గారు చక్కగా విడమరిచి చెప్పాడు. నాకే అర్థమైందంటే చూసుకోండి.

బండి ముందు వరస ముందు నుంచి వస్తూ, తెల్ల సఫారీ వేసుకున్న మా జె.డి. గారి దగ్గర ఆగి కుయ్యిమంది. పక్కనే నల్లకోటులో కూర్చున్న బార్ అసోసియేషన్ అధ్యక్షుల వారిని మాత్రం పట్టించుకోలేదు. చాచుకున్న ఆయన కాలిని ఢీకొట్టి అక్కడే గింజుకుంది. ఖుద్దూస్ గారు కారణం చెప్పబోయాడుగానీ జె.డి. గారు చెప్పనివ్వలేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"దీనికి విచక్షణ ఉందయ్యా. ఎవరు అధికారో ఎవరు కాదో ఇట్టే పసిగట్టేసింది" అన్నారు నాతో.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, హాజరుపట్టీ మానవ హస్తములచే నిర్వహింపబడుచున్నందున అసత్యమునకు ఆస్కారము కలదు. యంత్రమునకు బంధుప్రీతి, మొహమాటము, టీ అలవాటు లేవు. కావున ఇకపై సిబ్బంది ఉనికిని యంత్రమే నిర్ణయించును. యంత్రము నిర్ణయించిన ఉనికి తప్ప సిబ్బందికి వేరు ఉనికి లేదు."

బండిని అడగటానికి వెళితే ఖుద్దూస్ గారు కంగారుపడ్డాడు. పిల్లలకి పాఠం చెప్పటానికి చేసుకున్నదని, ఎదురుగా ఏదో ఉందో లేదో మాత్రమే చెబుతుందని, ఆ ఉన్నది మనిషో బీరువావో దానికి తెలియదని మొత్తుకున్నాడు. మా హాజరుపట్టీకి మాత్రం తెలిసిందా అని అడిగారు జె.డి. గారు. పైగా ఖుద్దూస్ గారి బావమరిది బోరు దరఖాస్తు మా దగ్గరే మురుగుతోంది. బండి ఇచ్చేశాడు.

జె.డి. గారు దానికి దివ్యదృష్టి అని పేరు పెట్టారు. మా హాల్లో బల్లలన్నీ ఒకదాని ముక్కు ఒకదానికి ఆనించి ఉంటాయి. ముందు నుంచి పిల్లి కూడా దూరలేదు. అందుకని నల్ల టేపు కుర్చీల వెనకాల నుంచి అంటించారు. మా కుర్చీలకి వీపు దగ్గర పేము అల్లిక ఎప్పుడో ఊడిపోయి, ఉత్త చట్రాలు మిగిలాయి. ఆ కంత లోంచి దివ్యదృష్టి ఉద్యోగి వీపుని చూస్తుంది, కుయ్యిమంటుంది, ఆ సంగతి తీగలేవీ లేకుండానే జె.డి. గారి కంప్యూటరుకీ, అక్కడి నుంచి రాజధానిలో కమిషనర్ ఆఫీసుకీ వెళ్ళిపోతుంది. కుయ్యిమంటే హాజరు. లేకపోతే గైర్హాజరు.

ప్రారంభోత్సవం నాడు మా అటెండరు నూకరాజు బండికి పూజ చేశాడు. కొబ్బరికాయ కొట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, పసుపు రాశాడు. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక, కళ్ళున్న చోటే నుదురు కూడా ఉంటుందని ఆలోచించి, గంధంలో కుంకుమ కలిపి సరిగ్గా ఆ రెండు బల్బుల మీద దట్టంగా అద్దాడు. మేమందరం చప్పట్లు కొట్టాం.

ఆ రోజు దివ్యదృష్టి కుయ్యిమనని చోటు లేదు. నాకు కుయ్యిమంది. సెలవులో ఉన్న టైపిస్టుకి కుయ్యిమంది. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న డ్రాఫ్ట్స్‌మన్ పోస్టుకీ, కీర్తిశేషులైన హెడ్ గుమాస్తా గారి కుర్చీకీ కూడా కుయ్యిమంది. గోడవార ఉన్న ఫైళ్ళ బీరువాకీ, మంచినీళ్ళ కుండకీ హాజరు పడింది. మంజూరైన పోస్టుల కంటే హాజరైనవాళ్ళు ఎక్కువ తేలారు. జె.డి. గారు ఇది సిబ్బందిలో పెరిగిన అంకితభావానికి నిదర్శనమని పైకి రాశారు. పై నుంచి అభినందన వచ్చింది.

ఇలా కొన్నాళ్ళు సుఖంగా గడిచిపోయింది. ఈలోగా కార్తీకమాసం వచ్చింది. సింహాద్రి ఏటా వేసినట్టే అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, మెడలో నల్ల కండువా, చెప్పుల్లేని కాళ్ళు, నుదుట గంధం. మాల వేసుకున్న మనిషిని పేరుతో పిలవకూడదు కనక ఆయన మాకందరికీ స్వామి అయ్యాడు. మేము ఆయనకి స్వాములం అయ్యాం. సరిగ్గా ఆ వారంలోనే ఖుద్దూస్ గారు బ్యాటరీ మార్చటానికి వచ్చి, సెన్సర్ మీద ఎండిపోయిన బొట్టు చూసి, నెత్తి కొట్టుకుని, వెలుగు ఆ బొట్టుకే తగిలి తిరిగొస్తుంటే కుయ్యిమనక ఏం చేస్తుందంటూ జేబురుమాలుతో తుడిచిపారేశాడు.

ఆ పూట హాజరు దబ్బున పడిపోయింది. సెలవు పెట్టినవాళ్ళు గైర్హాజరు. ఖాళీ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు గైర్హాజరు. చనిపోయిన హెడ్ గుమాస్తా గారు తొలిసారిగా గైర్హాజరు. జె.డి. గారికి కోపం వచ్చి, సవ్యంగా పనిచేస్తున్న యంత్రాన్ని పరాయివాడు తుడిచినందుకు ఖుద్దూస్ గారి ప్రిన్సిపాలుకి ఫిర్యాదు చేశారు. మిగతా వాళ్ళందరికీ కుయ్యిమన్న దివ్యదృష్టి, సింహాద్రి వెనక్కి వచ్చి, ఆగకుండా, కళ్ళు తిప్పుకుని వెళ్ళిపోయిన పెళ్ళివారిలాగా వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సింహాద్రి కుర్చీని వెనక్కి జరిపాడు. నిటారుగా కూర్చున్నాడు. బండి వస్తుంటే "స్వామియే శరణమయ్యప్ప" అని గట్టిగా అన్నాడు కూడా. దివ్యదృష్టికి చెవులు లేవు.

మాల వేసుకున్న మనిషిని గద్దించటానికి జె.డి. గారికి భయం. అందుకని గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, చేతులు కట్టుకుని మాట్లాడారు. నేను పక్కనే ఉన్నాను.

"స్వామీ, తమరు ఆఫీసుకి రావటం లేదు."

"వస్తున్నాను స్వామీ. ఇదిగో, మీ ఎదురుగా ఉన్నాను."

"ఉన్నారు. నేను కాదనటం లేదు. కానీ తమరు ఉన్నారన్నది నా వ్యక్తిగత అభిప్రాయం. వ్యక్తిగత అభిప్రాయాన్ని నేను రికార్డులోకి ఎలా ఎక్కిస్తాను? రేపు ఆడిట్ వాళ్ళొచ్చి, యంత్రం లేడన్న మనిషిని నువ్వెలా చూశావని అడిగితే నేనేం చెప్పుకోను?"

సింహాద్రి తాను పంపిన ఉత్తరాలు రైతులకి అందుతున్నాయి కదా అన్నాడు. అందుతున్న మాట నిజమేగాని, లేని ఉద్యోగి ఉత్తరాలు పంపటం మరింత తీవ్రమైన విషయమని, దాని జోలికి ఇప్పుడే వెళ్ళదలుచుకోలేదని జె.డి. గారు దయతలిచారు.

ఖుద్దూస్ గారిని పిలిపించాం. పాపం, ప్రిన్సిపాలు చేత చీవాట్లు తిని కూడా వచ్చాడు. సింహాద్రిని చూడగానే ఆయనకి విషయం బోధపడింది. "నల్లగుడ్డ ఆ వెలుగుని మింగేస్తుందండి. తిరిగి రానివ్వదు. స్వామి తప్పు కాదు, బండి తప్పూ కాదు. వీపు మీద చిన్న తెల్లకాగితం ముక్క అంటించుకుంటే సరిపోద్ది" అన్నాడు. సింహాద్రి వెంటనే నా బల్ల మీది తెల్లకాగితం ఒకటి తీసుకుని గుండుసూదితో వీపుకి గుచ్చుకున్నాడు. దివ్యదృష్టి కుయ్యిమంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. "కొందరు సిబ్బంది శరీరమునకు శ్వేతపదార్థములు అంటించుకొని యంత్రమును ప్రలోభపెట్టుచున్నట్లు దృష్టికి వచ్చినది. సహజముగా కనబడని ఉద్యోగి కృత్రిమముగా కనబడుటకు యత్నించుట నేరము."

నల్లబట్టలకి బదులు కాషాయం కట్టుకోకూడదా అని నేనే ఆయన్ని చాటుగా అడిగాను. చాలామంది స్వాములు కట్టుకుంటారు, తప్పేం కాదు.

"మా గురుస్వామి నలుపే ఇచ్చారు సార్. శబరిమలలో దించేదాకా ఇదే. ఆఫీసు కోసం బట్ట మార్చితే అది దీక్ష ఎలా అవుద్ది, యూనిఫారం అవుద్దిగానీ" అన్నాడు.

మా నిబంధనల ప్రకారం ఇన్నాళ్ళని ఒక గడువు ఉంటుంది. అంతకాలం చెప్పకుండా రాని మనిషి ఉద్యోగం వదులుకున్నట్లే లెక్క. సింహాద్రి గడువు నెలాఖరుతో తీరిపోతుంది. ఆయన శబరిమల ప్రయాణం ఆ తరవాతెప్పుడో. అంటే కొండెక్కి మాల తీసేసరికి కింద ఉద్యోగం ఉండదు. ఉన్నది ఇద్దరు ఆడపిల్లల చదువులు, ఆ ఒక్క ఉద్యోగం. నాకు నిజంగానే జాలేసింది. జాలిపడుతూనే మెమో తయారు చేశాను.

మెమో రాయటం తేలికే. ఇవ్వటమే చిక్కయింది. ఆఫీసులో లేని మనిషికి ఆఫీసులో ఇవ్వకూడదు, ఇంటి చిరునామాకి రిజిస్టర్ పోస్టులో పంపాలి. పంపాలంటే డిస్పాచ్‌కి ఇవ్వాలి. తీసుకెళ్ళి సింహాద్రి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "సార్, ఇది నాకే కదా. సంతకం పెట్టి ఇక్కడే తీసేసుకుంటాను. స్టాంపులెందుకు దండగ?" అన్నాడు.

"తీసుకుంటే నువ్వు ఇక్కడ ఉన్నట్టు అవుతుంది స్వామీ. ఉన్నవాడికి మెమో ఎందుకివ్వాలి?"

"మరి లేనివాడి చేత పంపిస్తున్నారుగా."

"నీ చేత కాదు. డిస్పాచ్ సెక్షన్ చేత పంపిస్తున్నాను."

సింహాద్రి కవరు అందుకున్నాడు. నంబరు వేశాడు, కవరు అంటించాడు, చిరునామా తన అందమైన దస్తూరీతో రాశాడు. స్వయంగా వెళ్ళి పోస్టు చేసి వచ్చాడు.

ఇక తువ్వాళ్ళ సంగతి చెప్పాలి. అధికారుల కుర్చీలకి తెల్ల టర్కీ తువ్వాలు కప్పటం మన దేశంలో పరిపాలనకి పునాది. మా జె.డి. గారి కుర్చీ మీదా ఒకటుంది. నల్ల టేపు ఆయన గదిలోకీ అంటించారు. ఆయన ఆ మధ్య మేనకోడలి పెళ్ళికని వెళ్ళి చాలా రోజులకి వచ్చారు. వచ్చి చూసుకుంటే ప్రతిరోజూ ఆయనకి హాజరు పడి ఉంది. యంత్రం తువ్వాలుని చూసి కుయ్యిమందని నూకరాజు అమాయకంగా చెప్పాడు. జె.డి. గారు ఏమాత్రం తొణకలేదు. అధికారి భౌతికంగా ఎక్కడున్నా ఆయన బాధ్యత ఆ కుర్చీలోనే ఉంటుందని, యంత్రం ఆ బాధ్యతనే గుర్తించిందని వివరించారు.

వివరించకుండా ఉంటే బాగుండేది. మర్నాడే ఉద్యోగుల సంఘం వాళ్ళు మాకూ తువ్వాళ్ళు కావాలని వినతిపత్రం ఇచ్చారు. వెన్నెముక ఆరోగ్యం దృష్ట్యా అని రాశారు. పై నుంచి అభినందనలు అందుకుంటున్న ఆఫీసులో సమ్మె వస్తే బాగుండదని జె.డి. గారు హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ మంజూరు చేశారు. ఒక్క సింహాద్రికి తప్ప. లేని ఉద్యోగికి తువ్వాలు ఇవ్వటానికి నిబంధనలు ఒప్పుకోవు.

తరవాత జరిగింది మీరూ ఊహించగలరు. ముందు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినవాళ్ళు తువ్వాలు వదిలి వెళ్ళారు. తరవాత ఉదయం వచ్చి తువ్వాలు సర్ది వెళ్ళారు. ఆ తరవాత సర్దటానికి మాత్రం నూకరాజు వచ్చేవాడు. చివరికి తువ్వాళ్ళు కదలటం లేదు కదా అని వాడూ మానేశాడు. నేను మాత్రం బాధ్యత గల మనిషిని. వారానికొకసారి వచ్చి నా తువ్వాలు ఉతకటానికి పట్టుకెళ్ళేవాణ్ణి, బదులు ఇంకోటి వేసి.

ఆ రోజుల్లో ఆఫీసుకి వస్తున్నది సింహాద్రి ఒక్కడే. తపాలా ఆయనే తీసేవాడు, ఫైళ్ళు ఆయనే రాసేవాడు, వచ్చిన రైతులతో ఆయనే మాట్లాడేవాడు, సంతకాలకి నా ఇంటికీ జె.డి. గారి ఇంటికీ చెప్పుల్లేకుండా ఆయనే తిరిగేవాడు. ఎన్నడూ లేంది అనుమతులు చకచకా వెళ్ళసాగాయి. ఖుద్దూస్ గారి బావమరిదికి కూడా వచ్చేసింది. దివ్యదృష్టి పూటపూటా తువ్వాళ్ళన్నిటికీ కుయ్యిమని, ఆయన వెనక మాత్రం నోరు మూసుకుని పోయేది.

ఇంతలో ఆయన పోస్టు చేసిన మెమో ఆయన ఇంటికే చేరింది. ఆయన భార్య వరాలమ్మ అందుకుంది. మీరు చాలాకాలంగా ఆఫీసుకి రావటం లేదు అని అందులో చదివి ఆమె గుండె గుభేలుమంది. రోజూ తెల్లారి క్యారేజీ పట్టుకుని వెళుతున్న మనిషి మరెక్కడికి వెళుతున్నట్టు? మాల వేసుకుని అబద్ధాలాడుతున్నాడా? ఆమె ఆ కాగితం కొంగున ముడేసుకుని నేరుగా ఆఫీసుకి వచ్చింది. తరవాతి కథ నాకు సింహాద్రే చెప్పాడు. అప్పుడు నా తువ్వాలు అక్కడే ఉందిగాని, అదేం చెబుతుంది?

హాలంతా కుర్చీలు, కుర్చీలకి తువ్వాళ్ళు, ఒక మూల ఫైళ్ళ గుట్ట వెనక ఆమె మొగుడు. కాళ్ళ దగ్గర డబ్బా మూత బండి ఒకటి కూతలు పెడుతూ తిరుగుతోంది. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"స్వామీ, ఇంతకీ మీరు ఆఫీసుకి వస్తున్నారా, లేదా?" అని అడిగింది.

"నాకే తెలవటం లేదమ్మా" అన్నాడట ఆయన. ఆ మాట అనేటప్పుడు తనకి ఏడుపొచ్చిందని కూడా చెప్పాడు.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా కమిషనర్ గారు వస్తున్నారని కబురొచ్చింది. రాష్ట్రంలో ఇంత హాజరు ఏ జిల్లాలోనూ లేదట, ఇన్ని అనుమతులూ ఏ జిల్లాలోనూ వెళ్ళలేదట. దివ్యదృష్టిని రాష్ట్రమంతా పెట్టటానికి ఉత్తర్వులు సిద్ధమయ్యాయట. ఆయన స్వయంగా చూసి, జె.డి. గారికి ప్రశంసాపత్రం ఇచ్చి వెళతారు. మేమందరం ఆ రోజు ఆఫీసుకి వచ్చాం. ఒకళ్ళనొకళ్ళం చూసుకుని చాలా కాలమైంది. కుశలప్రశ్నలతో గంట గడిచింది.

కారు ఆగింది. కమిషనర్ గారు దిగారు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, మెడలో మాల, ఉత్తకాళ్ళు.

జె.డి. గారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా ధైర్యంగా తన కుర్చీ హాలు మధ్యకి, నల్ల టేపు పక్కకి తెప్పించి, ఆ పూటకి దాన్ని కమిషనర్ గారి పేర రాయించి కూర్చోమన్నారు. దాని మీద తువ్వాలుంది కదా అని ఆయన ధీమా. కమిషనర్ గారు కుర్చీ దగ్గర ఆగి, "దీక్షలో ఉన్నాను స్వామీ. ఒకరు వాడిన గుడ్డ తగలకూడదు. అది తీసెయ్యండి" అన్నారు. నూకరాజు తీసేశాడు. కింద అదీ పేము ఊడిన ఉత్త చట్రమే. అప్పుడే కమిషనర్ గారు మిగతా కుర్చీల వంక చూశారు. "అందరికీ తువ్వాళ్ళున్నాయే" అన్నారు. వెన్నెముక ఆరోగ్యం అని నేను మనవి చేశాను.

దివ్యదృష్టి బయల్దేరింది. నాకు కుయ్యిమంది, టైపిస్టుకి కుయ్యిమంది, ఖాళీ కుర్చీల మీది తువ్వాళ్ళకి కూడా అంతే భక్తిగా కుయ్యిమంది. సింహాద్రి వెనక నుంచి మౌనంగా పోయింది. చివరికి కమిషనర్ గారి వెనక్కి వచ్చింది. అది ఆగలేదు. గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. కమిషనర్ గారు తనిఖీకి రాలేదన్న సంగతి ఆ క్షణమే రాజధానిలో ఆయన సొంత ఆఫీసుకి చేరిపోయింది. చేరిన వెంటనే అక్కణ్ణించి ఆయన ఫోనుకి మెసేజ్ వచ్చింది. టూరుకి వెళ్ళకుండా వెళ్ళినట్టు ప్రోగ్రాం వేసుకున్నందుకు కారణం తెలుపవలసిందని.

ఆయన ఆ మెసేజ్ జె.డి. గారికి చూపించారు. "ఏమిటిది? నేను రాలేదా?"

యంత్రం తప్పంటే ప్రశంసాపత్రం పోతుంది. ఒప్పంటే కమిషనర్ గారు లేరు. జె.డి. గారు రెండు చేతులూ నలుపుకుని, "తమరు విచ్చేశారన్నది నా వ్యక్తిగత అభిప్రాయం సార్" అన్నారు.

కమిషనర్ గారు ఆయన్ని వదిలేసి, మూలన నల్లబట్టల్లో నిలబడ్డ సింహాద్రిని దగ్గరికి పిలిచారు.

"స్వామీ, మీరు కూడా లేరా?"

"లేను స్వామీ. మాల వేసుకున్న దగ్గర్నుంచీ లేను. నెలాఖరు దాటితే అసలే ఉండను."

కమిషనర్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, దీని సంగతి నేను చూస్తాను స్వామీ అన్నారు. సింహాద్రి కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. బండిని ఎత్తి అవతల పారేస్తారని మేము అనుకున్నాం. అలా చేస్తే రాష్ట్రమంతటికీ సిద్ధమైన ఉత్తర్వులు ఏం కావాలి? అందుకని విచారణకి ఏకసభ్య కమిటీ వేశారు. విషయం బాగా తెలిసినవారు కావాలి కనక ఆ ఒక్క సభ్యుడు మా జె.డి. గారే. రెండు రోజుల్లో నివేదిక వచ్చింది. "యంత్రము యొక్క దృష్టియందు దోషమేమియు లేదు. దానిని మనము చదువుటయందే దోషము కలదు. యంత్రము చూచినవన్నియు తువ్వాళ్ళే. యంత్రము చూడనివారు ఇరువురే. ఆ ఇరువురును విధినిర్వహణలో నిమగ్నులై ఉండిరి. కావున ఇకపై యంత్రము చూచినవారిని గైర్హాజరుగను, చూడనివారిని హాజరుగను భావించవలెను."

ఖుద్దూస్ గారు అది చదివి, అలాగైతే బండి అవసరమే లేదు కదండీ, ఇచ్చేస్తే పట్టుకెళతానన్నాడు. అవసరం సంగతి శాఖ చూసుకుంటుందని చెప్పి పంపించాం.

ఏమైతేనేం, సింహాద్రి గండం గట్టెక్కింది. మాల వేసుకున్న నాటి నుంచీ జిల్లాలో హాజరైన ఏకైక ఉద్యోగి ఆయనేనని తేలింది. మెమో రద్దయింది. రద్దు కాగితం ఆయనే తనకి పోస్టు చేసుకున్నాడు. వరాలమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి హారతిచ్చిందట. మనశ్శాంతిగా ఇరుముడి కట్టుకుని ఆయన శబరిమల వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇక్కడ తువ్వాళ్ళన్నీ తీసేశారు. ఖాళీ కుర్చీని దివ్యదృష్టి చూడదు. చూడకపోతే హాజరు. ఇప్పుడు తువ్వాలు ఉతికే బాధ కూడా తప్పిందని అందరూ సంతోషించారు. హాజరు మళ్ళీ నూటికి నూరు. బీరువా కూడా కుయ్యిమనిపించుకోకుండా జాగ్రత్తగా బయట వరండాలో పెట్టించాం.

సింహాద్రి తిరిగొచ్చాడు. మాల దించేశాడు. వరాలమ్మ కొత్తగా కుట్టించిన తెల్లచొక్కా తొడుక్కుని, అందరికీ అరవణ ప్రసాదం డబ్బాలు పట్టుకుని ఆఫీసులోకి అడుగుపెట్టాడు. ఆ రోజు నేను జీతాల బిల్లు పని మీద వచ్చి కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. ప్రసాదం పుచ్చుకున్నది నేనొక్కణ్ణే. ఆయన తన కుర్చీలో కూర్చుని పేరుకుపోయిన తపాలా కట్ట విప్పాడు. వెనక నుంచి దివ్యదృష్టి వచ్చింది. ఆగింది. కుయ్యిమంది.

సింహాద్రి చటుక్కున లేచి, దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "చూసింది సార్. ఇన్నాళ్ళకి చూసింది" అన్నాడు. నేను నెమ్మదిగా కొత్త ఉత్తర్వు గుర్తు చేశాను. ఆయన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

సాయంత్రం మెమో తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. "మీరు యంత్రము దృష్టికి వచ్చినందున మీరు విధులకు రానట్లు తేలినది." నంబరు వేసి కవరు అంటించాడు. నాకు ఉండబట్టలేదు. రేపటి నుంచి ఇంట్లోనే ఉండు, హాజరు దానంతట అదే పడుతుంది, మేమందరం చేస్తున్నది అదే కదా అని హితవు చెప్పాను.

"మరి ఉత్తరాలెవరు పంపుతారు సార్?" అన్నాడు.



ఆ నల్లబట్టలు ఇంకా ఉతికి దండెం మీదే ఉన్నాయట. మర్నాడు ఉదయం సింహాద్రి అవే తొడుక్కుని బయల్దేరాడు. ఈసారి మెడలో మాల లేదు, నుదుట గంధం లేదు, కాళ్ళకి చెప్పులున్నాయి. ఎండాకాలం వచ్చినా అవే వేసుకుంటున్నాడు. దారిలో తెలిసినవాళ్ళెవరైనా ఆపి, ఇదేమిటి స్వామీ, మళ్ళీ దీక్ష పట్టారా అని అడుగుతుంటారు.

"లేదండీ, ఆఫీసుకెళుతున్నాను" అంటాడు.